ముహూర్తం కన్నా ముందే



పెళ్లి ఫొటోలు తీసే పనిలోకి రావాలనుకుంటున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇవాళ నాలుగు మాటలు తెచ్చాను. మీ ఇంట్లో అలాంటి పిల్లలెవరైనా ఉంటే కాస్త రేడియో దగ్గరికి పిలవండి.

ఈ పని మీద నాకు చాలా గౌరవం. ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టి, బంధువులందరినీ పిలుచుకుని, పెళ్లి చేస్తుంది. మర్నాటికి పందిరి విప్పేస్తారు. వంటపాత్రలు తిరిగి వెళ్లిపోతాయి. చుట్టాలు బస్సెక్కుతారు. ఆ తర్వాత రెండిళ్లలోనూ పదిమందీ కూర్చుని చూసుకునేది ఆల్బమే. ఆ ఆల్బమ్ మన చేతుల్లో ఉంది. అందుకే ఈ పనిలోకి వచ్చేవాళ్లు సిద్ధపడి రావాలి.

కొత్తవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఏ కెమెరా కొనమంటావు? ఏ లెన్స్ తీసుకోమంటావు?" నేను వాళ్లని తిరిగి ఒక మాట అడుగుతాను. "జీలకర్ర బెల్లం పెట్టించాక పంతులుగారు వెంటనే ఏం చేయిస్తారు?" చాలామంది అక్కడ ఆగిపోతారు. ఎన్నో పెళ్లిళ్లకు వెళ్లి ఉంటారు. భోజనం చేసి వచ్చి ఉంటారు. పెళ్లి తంతు మాత్రం వరసగా చెప్పలేరు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క విషయమే. పెళ్లి ఫొటోగ్రాఫర్ కావాలంటే ముందు పెళ్లి నేర్చుకోండి. కెమెరా తర్వాత. ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టం వస్తుందో తెలిస్తే, అది జరిగే ముందే మీరు సరైన చోట నిలబడతారు. సరైన చోట నిలబడ్డవాడికి మామూలు కెమెరాతో కూడా మంచి ఫొటో వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాడికి ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా బంధువుల వీపులే వస్తాయి.

ఇంట్లో పాలు కాచే అమ్మను చూడండి. అంచున చిన్న బుడగలు రాగానే ఆమె పొయ్యి దగ్గరికి వచ్చేస్తుంది. చప్పుడు విని పరిగెత్తుకొచ్చినవాళ్లకు పొయ్యి తుడుచుకోవడమే మిగులుతుంది. మన పని కూడా అంతే. పెళ్లిలో ప్రతి పెద్ద ఘట్టానికీ ముందు ఒక చిన్న గుర్తు కనబడుతుంది. ఆ గుర్తు పట్టడం నేర్చుకోవాలి. గుర్తు కనబడగానే కదలాలి.

ఇప్పుడు ఒక్కొక్క ఘట్టమే చూద్దాం. వింటూ మీరు చూసిన పెళ్లిని కళ్లముందుకు తెచ్చుకోండి.

మొదటిది జీలకర్ర బెల్లం. మన తెలుగు పెళ్లిళ్లలో చాలా ఇళ్లలో సుముహూర్తం అంటే ఇదే. శుభలేఖలో గంటలు, నిమిషాలతో సహా అచ్చువేసేది ఈ సమయమే. అంటే పెళ్లిలో అన్నిటికన్నా ముఖ్యమైన ఫొటో ఎప్పుడు తీయాలో శుభలేఖే మనకు ముందుగా చెబుతోంది. ఇంత సాయం చేసే పని ఇంకెక్కడుంటుంది?

వధూవరులు ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో తెర పట్టుకుంటారు. జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను తమలపాకులో పెట్టి ఇద్దరి చేతికీ ఇస్తారు. పంతులుగారు ఒకసారి గడియారం చూస్తారు. మేళం వాళ్ల వైపు ఒకసారి చూస్తారు. అదే గుర్తు. మరికాసేపట్లో ఆయన చెయ్యి ఊపుతారు. గట్టిమేళం మోగుతుంది. ఇద్దరూ ఒకరి తలమీద ఒకరు చెయ్యి ఉంచుతారు. అదే సమయానికి పందిట్లో ఉన్నవాళ్లంతా అక్షింతలు పట్టుకుని లేస్తారు. సెల్‌ఫోన్లు లేస్తాయి. ఇక మీరు అడుగు కదపలేరు.

మరి ఎక్కడ నిలబడాలి? తెర చివర పట్టుకున్న మనిషి పక్కన నిలబడండి. అక్కడి నుంచి చూస్తే తెరకు ఇటు పెళ్లికొడుకు, అటు పెళ్లికూతురు, ఇద్దరూ కనబడతారు. పై నుంచి దాటుతున్న చేతులు కనబడతాయి. ముహూర్తానికి ఐదు నిమిషాల ముందే అక్కడ ఉండండి. వీడియో తీసే ఆయనతో ముందుగానే మాట్లాడుకోండి. "అన్నా, నువ్వు ఎటు? నేను ఇటు" అని ఒక్క మాట అనుకుంటే చాలు, ఒకరికొకరు అడ్డం రారు.

ఇక్కడే ఇంకో సంగతి. తలమీద చెయ్యి పెట్టిన ఫొటో తీయగానే చాలామంది కెమెరా దించేస్తారు. దించొద్దు. వెంటనే తెర తీస్తారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపు ఒక్కసారే వస్తుంది. నేను ఇందాక అడిగిన ప్రశ్నకు జవాబు అదే. తంతు తెలిసినవాడికి ఆ చూపు దొరుకుతుంది. తెలియనివాడు అప్పటికి కెమెరా తెరమీద వెనకటి ఫొటో చూసుకుంటూ ఉంటాడు.

రెండోది మాంగల్యధారణ. దీనికి గుర్తు ఏమిటి? పళ్లెంలో కొబ్బరిబోండం పెట్టి, దానికి మంగళసూత్రాలు చుట్టి, పెద్దల దగ్గరికి, ముత్తయిదువల దగ్గరికి తిప్పుతారు. అందరూ కళ్లకద్దుకుని ఆశీర్వదిస్తారు. పళ్లెం బయల్దేరిందంటే మీకు కొద్ది నిమిషాల సమయం ఉందని లెక్క. బ్యాటరీ మార్చాలన్నా, కార్డు మార్చాలన్నా అప్పుడే మార్చేయాలి. పళ్లెం తిరిగి పీటల దగ్గరికి వచ్చేసరికి మీరు మీ చోట ఉండాలి.

కొన్ని ఇళ్లలో పెళ్లికొడుకు ఎదురుగా నిలబడి ముందుకు వంగి కడతాడు. కొన్ని ఇళ్లలో వెనక వైపు నుంచి కడతాడు. ఎదురుగా నిలబడితే అతని వీపు జనం వైపు ఉండవచ్చు. అప్పుడు మీరు పక్కకు రావాలి. వెనక నుంచి కడితే మీరు ముందుకొచ్చి, కాస్త కిందికి వంగాలి. అప్పుడు తలవంచుకున్న పెళ్లికూతురి ముఖం, వెనక పెళ్లికొడుకు ముఖం, రెండూ ఒకే ఫొటోలోకి వస్తాయి. ఇవన్నీ ఆ నిమిషంలో తేల్చుకునేవి కావు. పొద్దున్నే పంతులుగారి దగ్గరికి వెళ్లి అడగాలి. "అయ్యగారూ, మాంగల్యం ఎటు నుంచి కట్టిస్తారు?" అని వినయంగా అడిగితే ఏ పురోహితుడూ కాదనరు. పైగా సంతోషిస్తారు. "కాస్త ఆగండి, ఫొటో బాబు వచ్చాడా?" అని ఆయనే మీ కోసం చూస్తారు.

మూడోది తలంబ్రాలు. గుర్తు చాలా తేలిక. పెద్ద పళ్లాల్లో పసుపు కలిపిన బియ్యం తెచ్చి పీటల పక్కన పెడతారు. మొదట మంత్రం చెబుతూ నెమ్మదిగా పోయిస్తారు. ఆ తర్వాత పోటీ మొదలవుతుంది. ఇటు వైపు వాళ్లు పెళ్లికొడుకును, అటు వైపు వాళ్లు పెళ్లికూతుర్ని హుషారు చేస్తారు. పొద్దుటి నుంచి బిగుసుకుని కూర్చున్న ఇద్దరి ముఖాల్లోనూ అసలైన నవ్వు అప్పుడే వస్తుంది. కాబట్టి మొదటి నెమ్మది దోసిళ్లు మీకు సర్దుకునే సమయం. వెలుతురు సరిచూసుకోండి. షట్టర్ వేగం పెంచండి. సెకనులో 500వ వంతు దాకా వెళితే గాల్లో బియ్యపు గింజలు విడివిడిగా కనబడతాయి. వెలుతురు చాలకపోతే ఫ్లాష్ వాడండి. ఆ మెరుపే కదలికను ఆపుతుంది. ఫోకస్ మాత్రం ముఖం మీద ఉండాలి, బియ్యం మీద కాదు.

నాలుగోది అప్పగింతలు. పళ్లెంలో పాలు తెచ్చారంటే అది గుర్తు. అమ్మాయి చేతుల్ని పాలలో ముంచి, అత్తమామల చేతుల్లో పెడతారు. అంతవరకూ పనుల్లో తిరిగిన తండ్రి ఒక్కసారిగా కూలబడతాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఇక్కడ మన పద్ధతి మారాలి. ఫ్లాష్ ఆపేయండి. నాలుగు అడుగులు వెనక్కి జరగండి. దూరం నుంచి తీసే లెన్స్ ఉంటే అది పెట్టండి. "అమ్మా, ఇటు చూడండి" అని పొరపాటున కూడా అనొద్దు. ఏడుస్తున్న మనిషిని మన కోసం మళ్లీ ఏడవమని అడగడం తప్పు. మీరు ముందే సరైన చోట ఉంటే ఎవరినీ ఏమీ అడగాల్సిన అవసరం రాదు.

చూశారా? నాలుగు ఘట్టాలు, నాలుగు గుర్తులు. పంతులుగారు గడియారం చూస్తే జీలకర్ర బెల్లం. కొబ్బరిబోండంతో పళ్లెం బయల్దేరితే మాంగల్యం. పసుపు బియ్యం వస్తే తలంబ్రాలు. పాలు వస్తే అప్పగింతలు. మిగతా ఘట్టాలకూ ఇలాంటివే ఉంటాయి. గొడుగు, చేతికర్ర బయటికి తీశారంటే కాశీయాత్రకు బయల్దేరుతున్నారు. మేనమామలు గంప సర్దుతున్నారంటే పెళ్లికూతుర్ని తెస్తారు, ఏ దారిన తెస్తారో చూసి ఎదురెళ్లాలి. పంతులుగారు వధూవరుల్ని లేవదీసి గుమ్మం వైపు చూశారంటే అరుంధతీ నక్షత్రం చూపించబోతున్నారు. పందిట్లోని దీపాల వెలుతురు వేరు, ఆరుబయట వెలుతురు వేరు. వాళ్లకన్నా ముందు మీరు బయటికి వెళ్లి కెమెరా సరిచేసుకుని ఉండాలి.

అయితే ఒక హెచ్చరిక. అన్ని పెళ్లిళ్లూ ఒకేలా ఉండవు. గోదావరి జిల్లాల్లో ఒక వరస, రాయలసీమలో ఒక వరస, తెలంగాణలో ఒక వరస. ఒకే ఊళ్లో రెండు ఇళ్లకు రెండు ఆచారాలుంటాయి. తెలంగాణ పెళ్లిలో ఎదుర్కోళ్ల సందడి, రాత్రి బరాత్ చాలా ముఖ్యం. వాటికి మనిషిని పెట్టుకోకుండా ఒప్పుకుంటే ఇబ్బంది పడతారు. ముస్లింల పెళ్లిలో నికాహ్ ముఖ్యం. చాలాచోట్ల పెళ్లికూతురు ఒకచోట, పెళ్లికొడుకు ఒకచోట కూర్చుంటారు. ఖాజీగారు అడగడం, "ఖుబూల్" అనడం, సంతకాలు చేయడం, ఇవన్నీ తక్కువ సమయంలో అయిపోతాయి. రెండు చోట్లా ఒకేసారి ఉండలేరు కాబట్టి ఇద్దరు మనుషులు కావాలి. చర్చిలో పెళ్లయితే ముందురోజే పాస్టరుగారిని కలవండి. ఎంతవరకు ముందుకు రావచ్చు, ఫ్లాష్ వాడవచ్చా, ప్రార్థన సమయంలో ఫొటో తీయవచ్చా, అని అడగండి. మన తెలుగు క్రైస్తవుల పెళ్లిళ్లలో చాలాచోట్ల ఉంగరాలతో పాటు మంగళసూత్రం కూడా కట్టిస్తారు. అది ముందో, ఇది ముందో కనుక్కోండి.

ఎవరిని అడగాలి? ప్రతి పెళ్లిలోనూ తంతు అంతా తెలిసిన పెద్దావిడ ఒకరుంటారు. పంతులుగారికి ఏ వస్తువు అందించాలన్నా ఆవిడే అందిస్తుంది. ఆవిడ దగ్గర కూర్చోండి. "అమ్మా, మీ ఇంటి పద్ధతి చెప్పండి, ఏదీ వదలకుండా తీస్తాను" అనండి. ఆవిడ చెప్పినదంతా ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. అలాగే ఇంకో ప్రశ్న అడగండి. "ఈ పెళ్లికి వచ్చినవాళ్లలో అందరికన్నా పెద్దవాళ్లెవరు?" ఆ తాతగారిదో, ఆ అమ్మమ్మదో ఒక మంచి ఫొటో వధూవరులతో కలిపి తప్పకుండా తీయండి. ఆ ఫొటో కోసం ఆ కుటుంబం మిమ్మల్ని జన్మంతా గుర్తుపెట్టుకుంటుంది.

ఇదంతా నేర్చుకోవడం ఎలా? దగ్గరి దారి ఒకటుంది. మీ ఊళ్లోనో, పక్క పట్నంలోనో బాగా పనిచేసే సీనియర్ దగ్గర సహాయకుడిగా చేరండి. కనీసం ఒక పెళ్లిళ్ల సీజన్ ఉండండి. లైటు పట్టుకోండి. బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టండి. లెన్సులు అందించండి. ఇది చిన్నపని అనుకోకండి. లైటు పట్టుకున్నవాడికి పెళ్లంతా కనబడుతుంది. కెమెరాలోంచి చూసేవాడికి ఒక ముక్కే కనబడుతుంది. ఆయన ఎప్పుడు కదులుతున్నాడో చూడండి. ఎందుకు కదిలాడో ఇంటికి వెళ్లేటప్పుడు అడగండి.

పాతకాలం ఫొటోగ్రాఫర్లను తలచుకోండి. రెండు కళ్ల కెమెరాలో 120 సైజు రీలు వేస్తే పెద్ద చదరపు ఫొటోలు వచ్చేవి. అవి 12 మాత్రమే. తర్వాత వచ్చిన 35 ఎంఎం రీలులో 36 వచ్చేవి. పెళ్లి మొత్తానికి కొన్ని రీళ్లే. ఫొటో ఎలా వచ్చిందో అక్కడికక్కడ చూసుకునే వీలు లేదు. అయినా మాంగల్యం ఫొటో వాళ్లు పట్టుకునేవారు. ఎలా? వాళ్లకు తంతు తెలుసు. మంత్రం వింటే ఏ ఘట్టమో చెప్పేవారు. ఇవాళ మన చేతిలో వేల ఫొటోలు పట్టే కార్డులున్నాయి. ఆ సౌకర్యం ఉందని అదేపనిగా నొక్కుతూ పోతే, పెళ్లయ్యాక వేలల్లోంచి వెతుక్కోవాల్సి వస్తుంది. మంచి క్షణం కోసం కాచుకోండి. అప్పుడు నొక్కండి.

ఇప్పుడు కెమెరా సంగతి. దాన్ని పూర్తిగా వదిలేయను. మొదట్లో పెద్ద అప్పు చేసి అన్నీ కొనొద్దు. హైదరాబాదు, విజయవాడ లాంటి నగరాల్లో కెమెరాలు, లెన్సులు రోజు అద్దెకు దొరుకుతాయి. ఒకటి రెండు పెళ్లిళ్లకు అద్దెకు తీసుకోండి. మీ చేతికి ఏది కుదురుతుందో తెలుస్తుంది. కొనేటప్పుడు ఒక్కటి చూడండి. కెమెరాలో రెండు కార్డులు పట్టాలి. తీసిన ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడేలా పెట్టుకోండి. పెళ్లి మళ్లీ జరగదు. ఒక కార్డు పాడైనా రెండోది ఉండాలి. ఇంటికి వెళ్లగానే రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించండి. ఆల్బమ్ ఇచ్చే దాకా ఒక డిస్కు వేరే ఇంట్లో ఉంచండి. ఫొటోలు రెండు డిస్కుల్లోనూ తెరిచి చూసుకునేదాకా కార్డు చెరపొద్దు.

పందిట్లో ఒక ఇబ్బంది తరచూ వస్తుంది. ఎల్ఈడీ దీపాల కింద ఫొటోల్లో అడ్డగీతలు పడతాయి. దానికి కారణం ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది. దాంతో కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు. కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ వేగం సెకనులో 100వ వంతుకో, 50వ వంతుకో తెస్తే చాలావరకు గీతలు పోతాయి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే గీతలు ఎక్కువ పడతాయి. ఆ దీపాల కింద మామూలు షట్టరే వాడండి. ముహూర్తానికి గంట ముందే ఖాళీ పీటల మీద ఎవరినైనా కూర్చోబెట్టి తీసి చూసుకోండి. మళ్లీ అదే మాట. ముందే ఉండాలి, ముందే చూసుకోవాలి.

పెట్టుబడి కావాలంటే బ్యాంకులో ముద్ర రుణం గురించి అడగండి. 2015లో మొదలైన పథకం అది. తాకట్టు అక్కర్లేదు. అందులో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా ఇస్తారు. అంతకన్నా ఎక్కువ కావాలంటే పై విభాగాలున్నాయి. కానీ అప్పు చేసే ముందు పంచాంగం తెరవండి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో మన పెళ్లిళ్లు దాదాపు ఉండవు. గురు మౌఢ్యం, శుక్ర మౌఢ్యం వస్తే ఆ రోజులూ ఖాళీయే. వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి. మాఘంలో, వైశాఖంలో, శ్రావణంలో వచ్చిన డబ్బులోంచి ఖాళీ నెలలకు తీసి పక్కన పెట్టుకోవాలి. పంచాంగం చూడ్డం కూడా మన వృత్తిలో భాగమే. ఖాళీ నెలల్లో పుట్టినరోజులు, స్కూలు వార్షికోత్సవాలు చేయండి. ఆల్బమ్‌లు పూర్తి చేసి ఇచ్చేయండి.

ఇక ఒప్పందం. ఎంత దగ్గర చుట్టమైనా సరే, కాగితం మీద రాసుకోండి. ఏయే కార్యక్రమాలకు రావాలి? పెళ్లికూతుర్ని చేసే రోజు ఉందా? రిసెప్షన్ ఉందా? సత్యనారాయణ వ్రతం ఉందా? ఎంతమంది వస్తారు? ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు? ఎప్పటిలోగా ఇస్తారు? అడ్వాన్సు ఎంత, మిగతాది ఎప్పుడు? ఇవి ముందే రాసుకుంటే తర్వాత మాట పట్టింపులు రావు. ఇచ్చిన తేదీకి ఆల్బమ్ ఇవ్వండి. కొత్తవాడికి పేరు తెచ్చేది ఫొటో ఒక్కటే కాదు, మాట నిలబెట్టుకోవడం కూడా.

ఇంకో ముఖ్యమైన సంగతి. చాలామందికి తెలియదు కాబట్టి నెమ్మదిగా చెబుతాను. డబ్బు తీసుకుని, ఒకరు అడిగితే తీసిన ఫొటో మీద హక్కు ఎవరిది? మన దేశపు కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. దాని ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఆ హక్కు ఫొటో తీయించుకున్నవాళ్లదే. మనది కాదు. కాబట్టి పెళ్లికూతురి ఫొటోను మీ ప్రచారం కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలన్నా, షాపు బోర్డు మీద వేయాలన్నా, ముందే అనుమతి అడగండి. ఒప్పందంలో ఆ మాట రాయించండి. వద్దంటే పెట్టకండి. ఒక ఇంటి ఆడపిల్ల ఫొటోను మన చేతిలో పెట్టారంటే ఆ నమ్మకం చాలా పెద్దది.

చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఇది మగవాళ్ల పని అని ఎవరైనా అంటే వినకండి. హైదరాబాదు చరిత్ర మీ పక్షాన ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో లాలా దీన్‌దయాళ్ అనే గొప్ప ఫొటోగ్రాఫర్ ఉండేవారు. ఆయనే రాజా దీన్‌దయాళ్. 1892లోనే ఆయన హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిపించారు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు అక్కడికి వచ్చి ఫొటో తీయించుకునేవారు. తీసేది కూడా స్త్రీయే. నూట ముప్పై ఏళ్ల కిందటే ఆ అవసరం ఉంది. ఇవాళ కూడా ఉంది. మంగళస్నానం దగ్గర, పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో, నికాహ్ రోజు ఆడవాళ్ల వైపు, మగ ఫొటోగ్రాఫర్ గుమ్మం బయటే ఆగిపోవాల్సి వస్తుంది. మీరు లోపలికి వెళ్లగలరు. పెళ్లికూతురు మీ ముందు బెరుకు లేకుండా ఉంటుంది. పైగా పసుపు ఎప్పుడు రాస్తారో, హారతి ఎప్పుడిస్తారో, పూలజడ ఎప్పుడు వేస్తారో, చాలా ఇళ్లలో ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నేను మొదటి నుంచీ చెబుతున్న తంతు జ్ఞానం మీలో సగం ఇప్పటికే ఉంది. తల్లిదండ్రులకు కూడా నా మనవి. రాత్రి ముహూర్తాలకు అమ్మాయిని పంపడానికి భయపడటం సహజమే. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి బృందంగా పనిచేస్తే ఆ భయం తగ్గుతుంది. రాకపోకల ఏర్పాటు, విడిదిలో వాళ్లకు ఒక గది, ఈ రెండూ ఒప్పందంలోనే రాయించుకోండి.

పెళ్లిలో మన నడవడి గురించి క్లుప్తంగా చెబుతాను. మండపం ఎక్కేముందు చెప్పులు విప్పండి. హోమగుండానికీ పంతులుగారికీ మధ్య నుంచి దాటకండి. వధూవరులకూ తల్లిదండ్రులకూ అడ్డంగా నిలబడకండి. మన వెనక కూర్చున్నవాళ్లు కూడా పెళ్లి చూడటానికే వచ్చారు. ఫొటో సరిగ్గా రాలేదని తంతు ఆపించకండి, మళ్లీ చేయించకండి. ముందే సరైన చోట ఉన్నవాడికి ఆపమని అడగాల్సిన పని ఉండదు.

శ్రోతలారా, ఇంతసేపూ నేను చెప్పినదంతా ఒక్క మాట చుట్టూనే తిరిగింది. తంతు నేర్చుకోండి. గుర్తు పట్టండి. క్షణం కన్నా ముందే అక్కడ ఉండండి.

దీన్ని ఈ సీజన్‌లోనే మొదలుపెట్టవచ్చు. డబ్బు ఖర్చు లేదు. మీ బంధువుల ఇంట్లో త్వరలో ఏదో ఒక పెళ్లి ఉంటుంది. దానికి కెమెరా లేకుండా వెళ్లండి. ఒక చిన్న పుస్తకం, ఒక పెన్ను తీసుకెళ్లండి. పందిట్లో ముందు వరసలో కూర్చోండి. ఏ ఘట్టం ఎన్ని గంటలకు మొదలైందో రాయండి. ఎంతసేపు జరిగిందో రాయండి. దానికి ముందు ఏ గుర్తు కనబడిందో రాయండి. ఎక్కడ నిలబడితే ఇద్దరి ముఖాలూ కనబడేవో చిన్న బొమ్మ గీయండి. ఇంటికి వచ్చాక మీ అమ్మమ్మనో నానమ్మనో కూర్చోబెట్టి ఆ పుస్తకం చదివి వినిపించండి. మీరు వదిలేసినవి ఆవిడ చెబుతుంది. అవి కూడా రాసుకోండి. రెండో పెళ్లికి ఆ పుస్తకం చూసుకుంటూ, తర్వాత ఏం జరగబోతోందో ముందే మనసులో అనుకుంటూ కూర్చోండి. మీరు అనుకున్నది అనుకున్నట్టు జరుగుతున్న రోజున, ఆ పుస్తకం పట్టుకుని ఒక సీనియర్ దగ్గరికి వెళ్లండి. పని నేర్పమని అడగండి. అంత శ్రద్ధతో వచ్చిన పిల్లల్ని ఏ గురువైనా సంతోషంగా చేర్చుకుంటాడు.